మిరప రైతు లక్ష్యము – అమ్మకపు ముందాలోచన

కళ్లములో కూర్చుండి తాలుకాయలు ఏఱుచున్న ఒక పెద్ద రైతును, “ఈ యేట ఎంత మిగులునని తలంచి మిరప వేసితిరి?” అని మేము అడిగితిమి. “నిరుటి ధర పలికితే చాలండి” అని ఆయన బదులు చెప్పెను. అది కోరికయే గాని లక్ష్యము కాదు. అయినను ఆయనను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. పెక్కేండ్లు మేమును దిగుబడి పెంచుటను గూర్చియే బోధించితిమి. కాయ కళ్లము దాటిన పిదప దాని గతి యేమని విచారించినవారము కాము.

నిరుటి ధరను నమ్ముకొనుటవలన కలుగు కీడు 2017వ సంవత్సరమున మన రైతులకు అనుభవమైనది. అంతకు ముందటి యేట మంచి వెల పలుకుటచే ఎందఱో మిరపకే మొగ్గిరి. సరకు యార్డులలో కుప్పలు పడెను, ధర కూలెను. ఏప్రిలు నెలాఖరున ఖమ్మము మార్కెటులో రైతుల ఆగ్రహము కట్టలు త్రెంచుకొనెను. మే నెలలో క్వింటాలునకు 5,000 రూపాయల చొప్పున కొనుటకు కేంద్ర ప్రభుత్వము అనుమతించెను గాని, అప్పటికే చాలమంది సరకు తెగనమ్ముడు పోయియుండెను.

ధర మన చేతిలో లేదు. ఖర్చు, నాణ్యము, అమ్మెడి వేళ కొంతవఱకైనను మనవి. మచ్చునకు ఒక లెక్క చూతము. కౌలు, నారు, ఎరువులు, మందులు, కోతకూలి, బాడుగ, వడ్డీ కలిసి ఎకరమునకు 2,00,000 రూపాయలు అయినవనుకొందము. ఎండుకాయ 20 క్వింటాళ్లు వచ్చినచో క్వింటాలు ఖర్చు 10,000. పదునైదే వచ్చినచో 13,333. వెల 12,000 పలికినపుడు మొదటివాడు ఎకరమునకు 40,000 మిగుల్చుకొనును, రెండవవాడు 20,000 పోగొట్టుకొనును. 2021-22లో నల్ల తామరపురుగు చేసిన చేటు ఎఱిగినవారు తక్కువ దిగుబడినే పట్టుకొని లెక్క వేయుదురు. ఇంటివారి కూలిని ఈ పద్దులో చేర్పనివారు పెక్కురు. తప్పక చేర్పుడు.

పిదప, సరకు ఎవరికొఱకో తెలియవలెను. తేజ రకము కారమునకు పేరొందినది. చైనా మొదలగు దేశములకు ఎగుమతి యగును. బ్యాడిగిని రంగు కొఱకు కొందురు. ఏ రకమైనను కొనువారు చూచునవి రంగు, తేమ, తాలు. నూఱు కిలోల పండుకాయ ఎండిన పిమ్మట 25 మొదలు 35 కిలోలు మిగులును. కావున పచ్చి తూకముమీద ఆశలు కట్టరాదు. వట్టి నేలమీద గాక పట్టాలపై ఆరబెట్టుడు. కాయ విఱుగకుండుటకని టిక్కీలు తొక్కునపుడు నీరు చల్లు అలవాటు కొన్నియెడల కలదు. తూకము పెరుగునను ఆశయు అందు లేకపోలేదు! ఆ తడికి బూజు పట్టును, అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును, ఎగుమతిదారు ఆ సరకును త్రోసిపుచ్చును.

గుంటూరు యార్డునకు ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వఱకు సరకు వెల్లువగా వచ్చును. ఆ నాళ్లలోనే సర్వమును అమ్మించునది తఱచుగా అప్పు. కాయను మూడు పాళ్లు చేసి, ఒకటి అప్పుకై కోతలోనే, ఒకటి కొంత ఆగి అమ్ముట, ఒకటి శీతల గిడ్డంగిలో ఉంచుట మేము మెచ్చు పద్ధతి. గిడ్డంగి అద్దె, వడ్డీ, తఱుగు కలిసి క్వింటాలునకు నెలకెంతయో ముందే కట్టి, “ఈ ధర వచ్చిన అమ్మెదను, ఈ నెల దాటిన ఉంచను” అని నారు పోయకముందే వ్రాసికొనవలెను. ధర ఎక్కుచుండగా ఆశ ఆలోచనను సాగనీయదు. 2007 నాటి గిడ్డంగుల చట్టము క్రింద నమోదైన గిడ్డంగి రసీదుపై అప్పు పొందవచ్చును. 2016లో ఆరంభమైన ఈ-నామ్‌లో ఇతర యార్డుల ధరలు చూడవచ్చును. నలుగురు కలిసి ఒకే లారీకి ఎత్తినచో బాడుగ తగ్గునని వేఱుగా చెప్పనక్కఱలేదు.

మొదట చెప్పిన రైతు మా యెదుటనే తన పద్దు వ్రాసికొనెను. మఱుసటి యేట నాలుగెకరములకు మాఱు రెండున్నర ఎకరములే మిరప వేసి, తక్కిన నేలలో జొన్న చల్లెను. “లెక్క చూసిన రాత్రి నిద్ర పట్టలేదండి” అని మాతో చెప్పి నవ్వెను.