ఆగిన బండిలో ఆగని పీడనం

కృష్ణా మూసీ నదులు కలిసే చోట, మా వాడపల్లిలో, మీనాక్షీ అగస్త్యేశ్వర స్వామి దేవాలయం ఉన్నది. అక్కడి శివలింగం శిరస్సున చిన్న బిలం, అందులో నీరు. ఎంత తీసినా ఆ నీటి మట్టం మారదని భక్తుల విశ్వాసం. దాని మహిమను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నిశ్చలంగా ఉన్న ఆ నీటిలో పీడనం దాని లోతు మేరకే ఉంటుంది. అదే ఊరిలో మట్టి లోడు ఎత్తిపట్టుకొని నిలబడిన ట్రాక్టరు ట్రాలీ జాకీలో ఆయిల్ కూడా నిశ్చలంగానే ఉంటుంది. చూపుకు రెండూ ఒక్క తీరే. అక్కడే మనిషి మోసపోతాడు.

మా చిన్నాయన అట్లాగే మోసపోయినాడు. ఒకనాడు ట్రాలీ సగం లేచి ఆగిపోయింది, దిగదు. పైపు కీలు దగ్గర ఆయిల్ కారుతున్నది. ఇంజను ఆపి పానా తీసుకొని కిందికి దూరినాడు. నేను వద్దంటే, "ఇంజను బంద్ జేసినంక ఇంకేం జోరుంటదిరా?" అన్నాడు. నట్టు అరచుట్టు తిరిగిందో లేదో, బుస్సుమని ఆయిల్ చిమ్మింది, ట్రాలీ కుంగింది. ఆయన మోచేయి ట్రాలీకీ ఛాసిస్‌కూ నడుమ జానెడు దూరంలో ఉన్నది. పక్క చేను మనిషి కాళ్ళు పట్టి లాగబట్టి చేయి దక్కింది.

చిన్నాయన ప్రశ్న తెలివితక్కువదేమీ కాదు. పంపు ఆగితే పీడనం ఎందుకు ఆగదు? మన తరగతిలో చదువుకున్న పాస్కల్ సూత్రం ప్రకారం, మూసి ఉన్న ద్రవం మీద వేసిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుంది. 1795లో జోసెఫ్ బ్రామా ఈ సూత్రం మీదనే హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందినాడు. ట్రాలీ జాకీ దాని మనుమడే అనుకోండి. పంపు ఆయిల్‌ను జాకీలోకి తోసేవరకే పని చేస్తుంది. ఆ తర్వాత వాల్వు మూసుకుంటుంది. ఇక పీడనం పుట్టించేది పంపు కాదు, పైనున్న లోడు.

ఎంత పీడనం? పిస్టను వ్యాసం 10 సెంటీమీటర్లు, దాని మీద పడే భారం 5 టన్నులు అనుకుందాం. వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. భాగిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 64 కిలోలు. మన నాగార్జునసాగర్ డ్యాము ఎత్తు 124 మీటర్లు. అంత ఎత్తు నీటి స్తంభం ఇచ్చే పీడనం 12.4 కిలోలు మాత్రమే. అంటే దానికి అయిదు రెట్లు, ఒక చేతిమందం గొట్టంలో!

ఇక్కడ ఒక మిత్రుడు మంచి సందేహం లేవదీసినాడు. ద్రవాలు నొక్కితే కుంచించుకుపోవు గదా, నాలుగు చుక్కలు కారిపోతే పీడనం పడిపోవాలి గదా అని. పైన బరువు లేకుండా గట్టి గొట్టంలో చిక్కుకున్న ఆయిల్ విషయంలో అది నిజమే. కానీ పైన లోడు ఉన్నప్పుడు ఎన్ని చుక్కలు కారినా లోడు అంత మేరకు దిగి మళ్ళీ అంతే గట్టిగా నొక్కుతుంది. ట్రాలీ ఆనుకునేదాకా పీడనం తగ్గదు. కొన్ని పెద్ద ఫ్యాక్టరీ యంత్రాలకు అక్యుములేటరు అనే సీసా ఉంటుంది. అందులో నొక్కిపెట్టిన నైట్రోజన్ వాయువు స్ప్రింగు మాదిరిగా ఆయిల్‌ను తోస్తూనే ఉంటుంది. దాని ఆయిల్‌ను ప్రత్యేక వాల్వు ద్వారా ట్యాంకులోకి వదలకుండా ఏ కీలూ విప్పరాదు.

కాబట్టి మొదటి పని పానా పట్టడం కాదు, బరువు దించడం. ట్రాలీ అయినా, వరికోత మిషను ముందరి కోత భాగం అయినా నేలకు దించాలి. ఇంజను ఆపాలి. ఆపైన లీవర్లను అన్ని వైపులకూ రెండు మూడు సార్లు కదిలించాలి. మిగిలిన పీడనం ట్యాంకులోకి పోతుంది. మీటరు ఉంటే సున్నా చూపాలి. అప్పుడు కూడా నట్టును ఒక్కసారిగా ఊడదీయకుండా, మొహం పక్కకు పెట్టి, కళ్ళకు అద్దాలు పెట్టుకొని, కొద్దిగా సడలించి ఆగాలి. చిమ్మినట్లయితే అక్కడే ఆపాలి. ట్రాలీ దిగకుండా మొండికేస్తే? ముందు గట్టి పోటు పెట్టి లోడును ఆపాలి, మనిషి దాని కిందికి పోకూడదు. చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది. పైపు కప్లింగ్ పూర్తిగా కూర్చోకపోతే ఆయిల్ పోయేటప్పుడు పోతుంది, తిరిగి రాదు. మా ట్రాలీకి అయిన రోగం అదేనని తర్వాత తెలిసింది.

ఇదే కప్లింగ్ ఎండాకాలంలో ఇంకో తంటా తెస్తుంది. పనిముట్టును విప్పి ఎండలో పడేస్తే లోపల చిక్కిన ఆయిల్ వ్యాకోచిస్తుంది. సందు లేని ఇనుప గొట్టంలో ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగినా పీడనం సుమారు 10 బార్లు పెరగవచ్చు. రబ్బరు పైపు కొంత సాగుతుంది గనుక అంత పెరగదు. అయినా కప్లింగ్ లోపలికి పోకుండా మొరాయించడానికి అది చాలు. మన రైతులు సుత్తితో ఆ గుండును కొడతారు. అట్లా కొట్టవద్దు. విప్పేముందే లీవర్లు కదిలించి పీడనం వదలాలి, పైపులను నీడన పెట్టాలి.

మరొకటి, కారుతున్న చోటును చేతితో తడిమి చూడరాదు. సూది బెజ్జమంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్లే కనపడుతుంది, మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాత్రం కండ చచ్చిపోతుంది, ఆలస్యమైతే వేలో చేయో తీసెయ్యవలసి వస్తుంది. పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోయి, ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. కారే చోటు తెలుసుకోవడానికి ఒక అట్టముక్క అడ్డం పెడితే చాలు.

మొన్న సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా ట్రాలీకి కొత్తగా ఒక ఇనుప పోటు వెల్డింగ్ చేయించి కనపడింది. డ్రైవరు సీటు వెనక ఒక అట్టముక్క కూడా దోపి ఉన్నది. చిన్నాయన దాని గురించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.