సిటీ పోలీస్ టీమ్ కలకత్తా క్లబ్బుల్ని ఎలా కొట్టింది?

ఈరోజు మన టాపిక్ ఒక ఫుట్‌బాల్ క్లబ్. పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. పేరులోనే ఉంది కదా, అది పోలీసు శాఖ టీమ్. మరి దాని గురించి ఇప్పుడెందుకంటారా? చెప్తాను.

అప్పట్లో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తానే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్. అలాంటి రోజుల్లో మనోళ్లు బొంబాయి రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు కొట్టారు. 1950లోనే మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరండ్ కప్ కూడా తెచ్చారు.

దీని వెనక ఉన్నది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. అంతకుముందు ఆయన స్కూల్ టీచర్. ఆయన పెట్టిన పోటీలు భలే ఉండేవి. ఒకదాంట్లో బలం లేని కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బాల్ రాగానే పాస్ ఇచ్చేయాలి. దీంతో రెండు కాళ్లూ పనిచేస్తాయి, బుర్ర కూడా స్పీడుగా ఆలోచిస్తుంది. ఇదే పద్ధతి ఇండియా టీమ్‌కీ వెళ్లింది. ఆయన కోచింగ్‌లో 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చాయి.

తర్వాత ఏమైంది? పెద్ద క్లబ్బులు మంచి ఆటగాళ్లని లాక్కెళ్లాయి. సికింద్రాబాద్ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం గారు 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లారు. 1963లో రహీం సాబ్ పోయారు. టీమ్ ఒక్కసారిగా పడిపోలేదు గానీ, ఆ వెలుగు మెల్లగా తగ్గింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, మొత్తం యాప్ ఒకే సర్వర్ మీద నడిస్తే ఇంతే మరి.

డబ్బుంటే చాలు అనుకుంటున్నారా? 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఊరితో సంబంధం లేని క్లబ్బుని ఎవరైనా ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు.

ఇక మన కోనసీమకి వద్దాం. బ్యాడ్మింటన్‌లో సాత్విక్ అమలాపురం నుంచే వెళ్లి డబుల్స్‌లో వరల్డ్ నంబర్ 1 అయ్యాడు. కాబట్టి ఊరు చిన్నది అనే సాకు చెల్లదు. ఫుట్‌బాల్‌కి అంత పెద్ద గ్రౌండ్ ఎక్కడిది అంటారా? ఫుట్సాల్ ఉంది కదండీ! 1930లో ఉరుగ్వేలో ఒక టీచర్ మొదలెట్టిన ఆట ఇది. టీమ్‌కి ఐదుగురు, కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. మన లెక్కలో దాదాపు 20 సెంట్లు. బాల్ ఎక్కువ ఎగరదు, చోటు తక్కువ, పాస్ వెంటనే ఇవ్వాల్సిందే. రహీం సాబ్ నేర్పించింది కూడా అదే.

రాజోల్లో గానీ కొత్తపేటలో గానీ 20 సెంట్ల చదును నేల దొరకదా? దొరుకుతుంది. దొరకాల్సింది రోజూ సాయంత్రం వచ్చి పిల్లలకి నేర్పించే ఒక్క మాస్టారు, ఆయన తర్వాత నిలబెట్టే ఇంకో ఇద్దరు. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటానండి.