చర్చి గుమ్మంలో కొవ్వొత్తి

2022 మార్చి నెలాఖరులో చెల్లెలికి పురుడు పోయడానికి డబ్లిన్ వెళ్లాను. అంత దూరం ప్రయాణానికి అమ్మ మోకాళ్లు ఒప్పుకోలేదు. అంచేత శొంఠి, వాము, కాయం మూటకట్టుకుని నేనే బయల్దేరాను. వెళ్లిన నాలుగోరోజున ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఇంట్లో అందరికీ సంతోషమే.

ఆ సాయంత్రం నుంచే దేవుడి ముందు దీపం పెట్టడం మానేశాను. మైల కదా! పదకొండోరోజు దాకా పూజగూడు తాకకూడదని అమ్మ ఫోన్లో మరీమరీ చెప్పింది. చెల్లెలు కూడా ఏమీ అనలేదు.

మూడోరోజున చెల్లెలి కొడుకు, ఏడేళ్లవాడు, నా కొంగు పట్టుకుని అడిగాడు. "పెద్దమ్మా, చెల్లి పుట్టిందని దేవుడికి కోపం వచ్చిందా? దీపం ఎందుకు పెట్టడం లేదు?"

కథలు రాసేదాన్ని. ఏదో ఒకటి అల్లి చెప్పడం నాకు కష్టం కాదు. కానీ ఆ ప్రశ్నకి నా నోరు పెగల్లేదు. "అలా పెట్టకూడదు నాన్నా" అన్నాను. వాడు "ఎందుకు?" అన్నాడు. సరిగ్గా అప్పుడే డోర్ బెల్ మోగింది కాబట్టి బతికిపోయాను.

మా అమ్మకీ ఉండేది

వచ్చింది పక్కింటావిడ. డెబ్భై అయిదేళ్లుంటాయి. బాలింతని చూడటానికి తువ్వాల్లో చుట్టి వేడివేడి సోడా రొట్టె తెచ్చింది. మాటల మధ్య చెల్లెలు నవ్వుతూ మా ఇంట్లో దీపం గొడవ చెప్పింది. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు. కాసేపు పసిదాని కాళ్లు నిమురుతూ కూర్చుని, "మా అమ్మకీ ఉండేది" అంది.

వాళ్ల కాథలిక్కుల్లో దాన్ని 'చర్చింగ్' అనేవారట. బిడ్డని కన్న తల్లి చర్చి గుమ్మం దగ్గర వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని మోకరిల్లాలి. ఫాదర్ వచ్చి ఆశీర్వదించి లోపలికి తీసుకెళ్తాడు. పుస్తకాల ప్రకారం అది క్షేమంగా కాన్పయినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పడం. ఊళ్లో వాడుక మాత్రం వేరు. ఆ తంతు అయ్యేదాకా ఆవిడ శుద్ధి కానట్టే. నలుగురి ఇళ్లకీ వెళ్లకూడదు. కొన్నిళ్లల్లో రొట్టె కూడా కోయనిచ్చేవారు కాదు. 1960ల దాకా ఐర్లండ్‌లో ఇది మామూలే.

"మా అమ్మ ఏడుగుర్ని కంది. ఏడుసార్లూ ఆ గుమ్మంలో మోకరిల్లింది. తను చేసిన తప్పేమిటో ఒక్కసారీ అడగలేదు" అందావిడ.

నేను రొట్టెముక్క చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏడువేల కిలోమీటర్లకి పైగా ఎగిరొచ్చాను. తీరా చూస్తే మా అమ్మమ్మ ఇంటి వసారాలోనే ఉన్నాను.

మీ మతం, ఏదైనా ఉంటే...

ఆ వారమే అక్కడ జనాభా లెక్కలు. ఏప్రిల్ 3 రాత్రి ఇంట్లో ఎవరెవరున్నారో ఫారంలో నింపాలి. చెల్లెలు బల్ల మీద ఫారం పరిచి నింపుతుంటే నేను పక్కన కూర్చున్నాను. మతం దగ్గర ప్రశ్న ఇలా ఉంది: మీ మతం ఏమిటి, ఏదైనా ఉంటే? జవాబుల్లో మొట్టమొదటి గడి, మతం లేదు. అంతకుముందు లెక్కల్లో 'రోమన్ కాథలిక్' మొదట ఉండేదట. 'మతం లేదు' అట్టడుగున ఉండేది. చెల్లెలు మా నలుగురికీ, కొత్తగా వచ్చిన బుజ్జిదానికీ హిందూ అని రాసింది. పక్కింటావిడ మాత్రం జన్మలో మొదటిసారి ఆ మొదటి గడిలో గీత పెట్టానని మర్నాడు చెప్పింది.

ఆవిడ ఒక్కర్తే కాదు. 1961లో ఆ దేశంలో మతం లేదని చెప్పినవాళ్లు వెయ్యి చిల్లర. 2022 లెక్కల్లో 7 లక్షలు దాటారు. అంటే నూటికి 14 మంది. కాథలిక్కులు 1991లో నూటికి 91 మందికి పైనే. 2022 నాటికి 69. 1979లో పోప్ జాన్ పాల్ వచ్చినప్పుడు డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో పదిలక్షల మందికి పైగా చేరారు. అదే పార్కుకి 2018లో పోప్ ఫ్రాన్సిస్ వస్తే రెండు లక్షలు కూడా రాలేదు.

చదువులు పెరిగాయి, డబ్బొచ్చింది, టీవీ వచ్చింది, అందుకే భక్తి తగ్గిందని మనం తేలిగ్గా అనేస్తాం. అందులో కొంత నిజముంది. 1967లో హైస్కూలు చదువు ఉచితమైంది. 1973లో పెళ్లయితే ప్రభుత్వోద్యోగం వదిలేయాలన్న నిబంధన పోయింది. కానీ ఆవిడ దగ్గర విన్నదీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చూస్తే నాకు మరో సంగతి కనబడింది. అక్కడ చర్చి దేవుడి విషయంలో జరిగిన వాదనలో ఓడిపోలేదు. ఆడవాళ్ల విషయంలో ఓడిపోయింది.

రైలెక్కిన ఆడవాళ్లు

ఐర్లండ్‌లో గర్భనిరోధక సాధనాలు అమ్మడం, దిగుమతి చేసుకోవడం 1935 నుంచీ నేరం. 1937 రాజ్యాంగం విడాకుల్ని నిషేధించింది, కాథలిక్ చర్చికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. ఎంతమంది పిల్లలన్నది భార్యాభర్తల మాట కాదు, చట్టం మాట. ఆ చట్టం వెనక చర్చి.

1971 మే 22న కొందరు ఆడవాళ్లు డబ్లిన్‌లో రైలెక్కి, ఆ నిషేధం లేని బెల్‌ఫాస్ట్ వెళ్లారు. అక్కడ గర్భనిరోధక సాధనాలు కొన్నారు. మాత్రలు మాత్రం డాక్టరు చీటీ లేనిదే ఇవ్వమన్నారు. ఏం చేశారో తెలుసా? ఆస్పిరిన్ బిళ్లలు కొనుక్కున్నారు. తిరిగొచ్చి డబ్లిన్ స్టేషన్లో కస్టమ్స్ వాళ్ల కళ్లెదుటే అవన్నీ చూపించారు. కస్టమ్స్ వాళ్లకి మాత్రం ఆస్పిరిన్‌కీ ఆ మాత్రలకీ తేడా ఏం తెలుస్తుంది! ఎవర్నీ అరెస్టు చేయలేదు.

ఇది సరదాగా ఉంది గానీ, మే మెగీ కథలో సరదా లేదు. ఆవిడ చేపలుపట్టే ఒకతని భార్య. నలుగురు పిల్లలు. మళ్లీ గర్భం వస్తే ప్రాణానికే ముప్పన్నారు డాక్టర్లు. ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్న మందుని కస్టమ్స్ వాళ్లు పట్టేశారు. ఆవిడ కోర్టుకెక్కింది. కింది కోర్టులో ఓడిపోయినా ఊరుకోలేదు. 1973 డిసెంబరులో సుప్రీంకోర్టు, దంపతుల ఏకాంత విషయాల్లో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదని తీర్పు చెప్పింది. ఆవిడ దేవుణ్ణి కాదనలేదు. పిల్లలకి తల్లిగా బతికుండాలనుకుంది, అంతే.

ఖాళీ మిఠాయి కాగితం

కేథరిన్ కోర్లెస్ సంగతి చదివినప్పుడు మాత్రం ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆవిడా మనలాంటి గృహిణే. ట్యూమ్ అనే చిన్న ఊరి దగ్గర వ్యవసాయ కుటుంబం. ఆ ఊళ్లో 1925 నుంచి 1961 దాకా పెళ్లికాకుండా తల్లులైన ఆడపిల్లల కోసం సిస్టర్లు నడిపిన హోమ్ ఒకటుండేది. హోమ్ పిల్లలు బడికొస్తే మిగతా పిల్లలు దూరంగా ఉండేవారు. చిన్నప్పుడు కేథరిన్, మరో పిల్లని చూసి, ఒక హోమ్ పిల్లకి ఖాళీ మిఠాయి కాగితం మడిచి ఇచ్చిందట. ఆశగా విప్పిన ఆ పిల్లకి లోపల ఏమీ దొరకలేదు. పెద్దయ్యాక ఆ జ్ఞాపకం కేథరిన్‌ని వదల్లేదు.

ఇంటిపని చూసుకుంటూనే ఊరి చరిత్ర వెతకడం మొదలుపెట్టింది. తన డబ్బుతోనే మరణ ధ్రువపత్రాలు తీయించింది. లెక్క తేలింది, 796 మంది పిల్లలు. శ్మశానాల రికార్డుల్లో వెతికితే వాళ్లని పూడ్చిన జాడ దాదాపు లేదు. 2012లో స్థానిక చరిత్ర పత్రికలో వ్యాసం రాసింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2014లో అది ప్రపంచానికి తెలిసింది. 2017లో ప్రభుత్వ విచారణ సంఘం ఆ స్థలంలో భూగర్భపు అరల్లో పసిపిల్లల అవశేషాలు ఉన్నాయని ధ్రువీకరించింది. 2021లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు, ఆ సిస్టర్ల సంఘమూ చెప్పింది. 2025 జులైలో తవ్వకాలు మొదలయ్యాయి.

తప్పు ఒక్క సిస్టర్లదే అనడం అన్యాయం. కన్నకూతుళ్లని ఆ గుమ్మంలో దింపి వెనక్కి చూడకుండా వెళ్లింది తల్లిదండ్రులే. డబ్బిచ్చింది ప్రభుత్వమే. ఆ చర్చే వేలమంది ఆడపిల్లలకి చదువు చెప్పింది, రోగులకి సేవ చేసింది. మన మదర్ థెరిసా ఇండియాకి రాకముందు, 1928లో, డబ్లిన్‌లోని లొరెటో సిస్టర్ల దగ్గరే చేరింది. కానీ అందరి పాపాలూ లెక్కకట్టే అధికారం ఒక్కరి చేతిలో ఉంటే, వాళ్ల లెక్క చూసేవాళ్లెవరు?

సవిత

ఇక మన అమ్మాయి. బెళగావి నుంచి వెళ్లిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్. 31 ఏళ్లు. 2012 అక్టోబరులో, 17 వారాల గర్భంతో గాల్వేలో ఆసుపత్రిలో చేరింది. గర్భం నిలవదని తేలిపోయింది. తీసేయమని అడిగింది. పిండానికి గుండె కొట్టుకుంటున్నంతవరకూ చట్టం ఒప్పుకోదన్నారు. ఇది కాథలిక్ దేశమని తాను అన్నట్టు ఒక నర్సు తర్వాత విచారణలో ఒప్పుకుంది. బాధపెట్టాలని అనలేదని కూడా చెప్పింది. ఇన్ఫెక్షన్ ముదిరి అక్టోబరు 28న సవిత చనిపోయింది. దాన్ని వేళకి గుర్తించకపోవడమూ తప్పేనని తేలింది.

1983లో గర్భస్థశిశువుకి తల్లితో సమాన ప్రాణహక్కు ఇస్తూ రాజ్యాంగంలో చేర్చిన సవరణకి నూటికి 67 మంది ఓటేశారు. 2018 మే 25న దాన్ని తీసేయడానికి నూటికి 66 మంది ఓటేశారు. ముప్పైఅయిదేళ్లలో అదే దేశం, అటునుంచి ఇటు. డబ్లిన్‌లో ఒక గోడమీద సవిత బొమ్మ వేస్తే, ఓటేసి వచ్చినవాళ్లు దాని చుట్టూ చిన్నచిన్న చీటీలు అంటించి వెళ్లారు.

సెక్యులరిజం అంటే మనకి ఎన్నికల సభల్లో వినబడే పెద్దమాట. అది మగవాళ్ల చర్చ అనుకుని మనం కాఫీలు కలపడానికి లేచిపోతాం. సవిత చదివాక నాకు దాని అర్థం వేరుగా తోచింది. ఆసుపత్రి మంచం మీదున్న ఆడదానికి డాక్టరు తన చదువుతో జవాబు చెప్పాలి. ఎవరి మతంతోనూ కాదు. సెక్యులరిజం అంటే అంతే.

దేవుడెక్కడికీ పోలేదు

అలాగని ఐర్లండ్‌లో గంటలు మోగడం మానలేదు. ఇప్పటికీ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు నూటికి 90 కాథలిక్ చర్చి ఆధ్వర్యంలోనివే. జ్ఞానస్నానం అయిన పిల్లలకి ముందుగా సీటిచ్చే పద్ధతిని వాటిలో 2018 చట్టం ఆపింది. మా చెల్లెలి కొడుకు చదివేదీ అలాంటి బడే. తోటిపిల్లలు ఫస్ట్ కమ్యూనియన్‌కి తయారవుతుంటే వాడు వెనక బెంచీలో కూర్చుని బొమ్మలు వేసుకుంటాడు.

ఇంకో విశేషం. మతం లేదని గీత పెట్టిన పక్కింటావిడే మే నెలలో జరిగే మనవరాలి కమ్యూనియన్ కోసం తెల్లగౌనుకి లేసు కుడుతోంది. "మరి ఇదేమిటి?" అన్నాను. "పిల్ల ముచ్చటపడింది. దాని ఇష్టం. నేను మాత్రం ఇంక ఎవరి గుమ్మంలోనూ మోకరిల్లను" అందావిడ. వాళ్లమ్మ పోయినరోజున ఏటా కొవ్వొత్తి వెలిగిస్తుందట. చర్చిలో కాదు, వంటింటి కిటికీలో.

మన దగ్గరా ఫారాల్లో గడులు కదులుతున్నాయి. బిడ్డ జనన నమోదులో కులం, మతం లేవని రాయించుకుంటామన్న దంపతుల కేసులో 2023 జులైలో తెలంగాణ హైకోర్టు, అలాంటి గడి ఉండాల్సిందేనని చెప్పింది. అందరూ అందులోనే గీత పెట్టాలని నేననను. నేనైతే హిందూ అనే రాస్తాను. నాకు కార్తీకమాసం కావాలి, అట్లతద్ది కావాలి, వెంకటేశ్వరస్వామి కావాలి.

కానీ మన ఇళ్లల్లో మతాన్ని మోసేది ఆడవాళ్లం. మడి కట్టేది మనం, ఉపవాసాలుండేది మనం, మైల పేరుతో గుమ్మం అవతల కూర్చునేదీ మనమే. పిల్లలకి నేర్పేదీ మనమే. పిల్లలు "ఎందుకు?" అన్నప్పుడు "అలా అడక్కూడదు" అంటూపోతే, ఏదో ఒకరోజు వాళ్లు అడగడం మానేసి లేచి వెళ్లిపోతారు. ఐర్లండ్‌లో జరిగింది నాకు అదేననిపించింది.

అయిదోరోజు సాయంత్రం చెల్లెలు పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని నావంక చూసింది. నేను లేచి స్నానం చేసొచ్చి దీపం వెలిగించాను. పిల్లాడు వచ్చి పక్కన నిలబడి దణ్ణం పెట్టాడు. "కోపం పోయిందా?" అన్నాడు. "అసలు రాలేదురా" అన్నాను.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పేశాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "వెలిగించమంటావా అని అడుగుతున్నావా, వెలిగించానని చెబుతున్నావా?" అంది.

"చెబుతున్నానమ్మా" అన్నాను.

"సరే, నూనె చూసి పొయ్యి. ఆ చెక్కఇళ్లల్లో జాగ్రత్త" అంది అమ్మ.