అనుమానమునకు కొలమానము

గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాల అను పేరు కలదు. అచ్చటికి వచ్చిన కవిపండితులు పరీక్షకు నిలిచి, పిమ్మటనే సత్కారమును పొందెడివారు. పరీక్షింపక పొగడుట ఎట్లు తగదో, పరీక్షింపక నిందించుటయు అట్లే తగదు. ఈ నీతి ఆ సీమలో నేటికిని అనుదినము అక్కరకు వచ్చు తావు ఒకటి కలదు. అది పెట్రోలు బంకు.

గద్వాలలో కాపురముండి వనపర్తిలో పాఠములు చెప్పు ఒక ఉపాధ్యాయుని ఉదాహరణముగా తలచుకొనవచ్చును. ఎర్రవల్లి చౌరస్తా వద్ద 44వ జాతీయ రహదారి నెక్కి, బీచుపల్లి వద్ద కృష్ణానదిని దాటి, పెబ్బేరు మీదుగా ఆయన పాఠశాలకు పోవును. 2022లో కొన్న కారు మొదట లీటరునకు 18 కిలోమీటర్లు నడచెడిది. ఇప్పుడు 16 మాత్రమే నడచుచున్నది. మెకానిక్కు వద్దకు పోయినచో అతడు రెండు నిమిషములు చూచి, "బండ్ల ఏం లేదు సార్, పెట్రోల్లనే ఏదో కలుపుతున్నరు" అనును. బంకులోని కుర్రవాడు, "కంపెనీ నుంచి వచ్చిందే పోస్తున్నం సార్, బండి ఒకసారి చూపించుకోండ్రి" అనును. ఇద్దరిలో ఎవరి మాట నమ్మవలెను? 18 నుండి 16కు దిగుట అనగా నూటికి 11 వంతుల నష్టము. ఆ 11 వంతులు ఎచ్చటికి పోయినవో తేల్చుటయే అసలు ప్రశ్న.

పెట్రోలుపై జనులకు గల అనుమానము ఊరక పుట్టినది కాదు. మన దేశములో ఇంధన కల్తీ ప్రాణములను బలిగొన్న వ్యవహారము. 2005 నవంబరు 19న ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లాలో ఇండియన్ ఆయిల్ సంస్థ అధికారి మంజునాథ్ షణ్ముగం హత్యకు గురియయ్యెను. కల్తీని పట్టి ఒక బంకును మూయించుటయే ఆయన చేసిన తప్పు. 2011 జనవరి 25న మహారాష్ట్రలోని మన్మాడ్ సమీపమున కల్తీ ముఠాను పట్టుకొనబోయిన అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణేను దుండగులు సజీవముగా దహించిరి. చవుక కిరోసినును ఖరీదైన ఇంధనములో కలిపి అమ్ముటలో అంత లాభము ఉండెను. ఇట్టి చరిత్ర గల మాటను నోటికి వచ్చినట్లు వాడరాదు. కల్తీ అనునది నేరారోపణ. దానికి సాక్ష్యము కావలెను. ఆ అధికారులు ప్రాణములొడ్డి వెదకినదియు సాక్ష్యమునే.

మైలేజీ తగ్గుట ఒక్కటియే కల్తీకి సాక్ష్యము కాజాలునా? కిరోసిను సంగతి చూడుడు. లీటరునకు లీటరు తూచినచో కిరోసినులోని శక్తి పెట్రోలుకంటె తక్కువ కాదు, కొంత ఎక్కువయే. దాని దోషము వేరు. దానికి ఆక్టేను సంఖ్య తక్కువ. అందుచే అది ఇంజనులో అకాలముగా మండి, ఎత్తు ఎక్కునప్పుడు టకటకమను చప్పుడు పుట్టించును. ఉదయమున బండి స్టార్టగుటకు మొరాయించును, పొగ వచ్చును, లోపల మసి పేరుకొనును. నీరు చేరిన పెట్రోలుతో బండి కుదుపులతో నడచి, దారిలో ఆగిపోవును. ఈ లక్షణములేవియు లేక, ఇంజను చక్కగా తిరుగుచు, మైలేజీ మాత్రము మెల్లమెల్లగా దిగినచో, కల్తీ జరిగినదనుటకు ఆ సాక్ష్యము బలహీనమైనది. లేదని చెప్పుటకు వీలు లేదు గాని, ముందుగా చూడవలసినవి వేరే కలవు.

పెట్రోలు మారినదన్న మాట మాత్రము నిజమే. ఆ మార్పు ఏ బంకులోనో రాత్రివేళ రహస్యముగా జరిగినది కాదు, ప్రభుత్వ విధానముగా బహిరంగముగా జరిగినది. చెరకు, మొక్కజొన్న, నూకల నుండి తీయు ఇథనాలును పెట్రోలులో కలుపుట చాలకాలముగా సాగుచున్నది. ఆ పాలు 2022 జూన్ నాటికి నూటికి 10కి, 2025లో 20కి చేరెను. ఇథనాలు చక్కగా మండును గాని, దానిలో శక్తి తక్కువ. ఒక లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉండగా, ఒక లీటరు ఇథనాలులో సుమారు 21 మాత్రమే కలదు. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఈ లెక్కను నల్లబల్లపై చేయగలరు. 10 పాళ్ల మిశ్రమములో లీటరునకు 30.9, 20 పాళ్ల మిశ్రమములో 29.8 మెగాజౌళ్లు నిలుచును. మొదటిదాని నుండి రెండవదానికి వచ్చునప్పటికి నూటికి సుమారు మూడున్నర వంతుల శక్తి తగ్గును. ఇథనాలు లేని పెట్రోలుతో పోల్చినచో తగ్గుదల సుమారు 7 వంతులు.

అయితే ఇథనాలునకు ఆక్టేను సంఖ్య ఎక్కువ. ఆ గుణమును వినియోగించుకొనునట్లు సర్దిన ఇంజనులో నష్టము కొంత పూడును. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ ప్రకటించిన నిపుణుల నివేదిక, ఇథనాలు లేని పెట్రోలునకు రూపొందించి 10 పాళ్లకు సర్దిన కార్లలో 20 పాళ్ల మిశ్రమము వలన మైలేజీ 6 నుండి 7 శాతము తగ్గునని, 10 పాళ్లకు రూపొందించి 20 పాళ్లకు సర్దిన కార్లలో 1 నుండి 2 శాతము మాత్రమే తగ్గునని అంచనా వేసెను. బంకులో కొలిచి పోయునది లీటర్లను, ఇంజనునకు కావలసినది శక్తిని. ఈ తేడా తెలియని వాహనదారుడు విధానము వలన కలిగిన నష్టమునకు గొట్టము పట్టుకొని నిలిచిన కుర్రవానిని దొంగగా చూచును.

ఇథనాలు మాట గద్వాల ప్రాంతమునకు మరియొక విధముగను పరిచితమే. రాజోలి మండలములోని పెద్ద ధన్వాడలో ఇథనాలు కర్మాగారము వలదని గ్రామస్థులు 2025 జూన్‌లో ఆందోళన చేసిరి. తమ పొలములు, నీరు, గాలి చెడునని వారి భయము. కారు టాంకులో పడు చుక్క వెనుక ఒక విధానము, ఆ విధానము వెనుక ఒక పల్లె కలవని విద్యార్థులు గ్రహింపవలసియున్నది.

ఉపాధ్యాయుని 11 వంతులలో ఇథనాలు పాలు మూడున్నర అని అనుకొన్నను, ఇంకను ఏడున్నర వంతులు మిగిలినవి. అసలు 16 అను అంకెయే సరియైనదా? మైలేజీని కొలుచుటకు నమ్మదగిన పద్ధతి ఒకటియే. టాంకును నిండుగా పోయించి, మీటరు అంకెను వ్రాసికొని, బండి నడిపి, మరల అదే బంకులో అదే గొట్టముతో నిండుగా పోయింపవలెను. నడచిన కిలోమీటర్లను రెండవమారు పట్టిన లీటర్లతో భాగింపవలెను. గొట్టము తానుగా ఆగు చోటు ఒక్కొక్కమారు ఒక్కొక్క విధముగా ఉండును. ఒక లీటరు తేడా వచ్చినదనుకొన్నచో, 10 లీటర్లు పోయించినవాని లెక్కలో అది నూటికి 10 వంతుల తప్పు, 35 లీటర్లు పోయించినవాని లెక్కలో సుమారు 3 వంతుల తప్పు మాత్రమే. ఒక్క కొలతతో తీర్పు చెప్పరాదు. మూడు నాలుగు మారులు కొలిచి సగటు తీయవలెను. అచ్చంపేట, మన్ననూరుల మీదుగా నల్లమల ఘాటు ఎక్కి శ్రీశైలము పోయి వచ్చిన నాగర్‌కర్నూలు వాసి, ఆ యాత్ర మైలేజీని మైదానపు రహదారి మైలేజీతో పోల్చరాదు.

పిమ్మట బండిని చూడవలెను. టైర్లలో గాలి ఒత్తిడి ఒక్కొక్క పౌండు తగ్గిన కొలది మైలేజీ సగటున 0.2 శాతము తగ్గును. 10 పౌండ్లు తగ్గినచో 2 శాతము పోయినట్లే. వేగము ఇంకను పెద్ద దొంగ. గాలి ప్రతిఘటన వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమును 100కు పెంచినచో ఆ ప్రతిఘటన నూటికి 56 వంతులు పెరుగును. నాలుగు వరుసల రహదారిపై ఈ సంగతి ఎవరికిని గుర్తుండదు. వేసవిలో ఏసీ, వదలక పట్టుకొనియున్న బ్రేకు, ట్రాఫిక్కులో ఆగిన ఇంజను ఊరక తిరుగుట, ఇవియు తమ వంతు తినును. గాలి ఫిల్టరు మురికియైనచో మైలేజీ పడిపోవునని పెద్దలు చెప్పు మాట పాత కార్బురేటరు బండ్లకు చెల్లినది. నేటి ఇంజన్లు వచ్చు గాలికి తగినట్లు ఇంధనమును తామే సర్దుకొనును గనుక, ముఖ్యముగా తగ్గునది బండి ఊపు.

ఇవన్నియు సరిచూచిన పిమ్మటను లెక్క తేలనిచో, అప్పుడు బంకును ప్రశ్నించుట హక్కు మాత్రమే కాదు, ధర్మము. దానికి మార్గములు కలవు. గొట్టపు మొనను తుడిచి, ఫిల్టరు కాగితముపై ఒక చుక్క వేయుమని కోరవచ్చును. మంచి పెట్రోలు రెండు నిమిషములలో మరక లేక ఆవిరియగును. నల్లని మరక మిగిలినచో అనుమానింపవలెను. లేత గులాబీ ఛాయ పెట్రోలు రంగు మాత్రమే. పరిమాణముపై అనుమానమైనచో, తూనికలు కొలతల శాఖ ముద్ర గల 5 లీటర్ల పాత్రలో పోయించి చూడవచ్చును. 25 మిల్లీలీటర్లకు మించి తక్కువ వచ్చినచో అది తప్పు.

మూడవది సాంద్రత పరీక్ష. గాజు జాడీలో పెట్రోలు పోసి, హైడ్రోమీటరుతో సాంద్రతను, థర్మామీటరుతో ఉష్ణోగ్రతను చూచి, 15 డిగ్రీలకు సవరించి, బంకులో నాటి ఉదయము వ్రాసిన అంకెతో పోల్చవలెను. ఘనపు మీటరునకు 3 కిలోలకు మించి తేడా ఉన్నచో శంకింపవలెను. సవరణ మరచినచో ఏమగునో చూడుడు. పెట్రోలు వేడెక్కిన కొలది వ్యాకోచించును. ఒక్కొక్క డిగ్రీకి దాని సాంద్రత సుమారు 0.85 తగ్గును. 15 డిగ్రీల వద్ద 745 ఉన్న పెట్రోలు, గద్వాల మే నెల ఎండలో 40 డిగ్రీలకు చేరినప్పుడు సుమారు 724గా కనబడును. సవరింపనివాని కంటికి 21 కిలోల తేడా తోచును, నిజాయితీపరుడైన వర్తకుడు దోషిగా నిలుచును. అనుమానము తప్పు కాకున్నను, కొలుచుట రాకపోవుట వలన అన్యాయము జరుగును.

నిజముగా దోషము బయటపడినచో రసీదును భద్రపరచి, బంకులోని ఫిర్యాదు పుస్తకములో వ్రాసి, ఆయిల్ కంపెనీకిని జిల్లా పౌర సరఫరాల అధికారికిని తెలుపవలెను. నిత్యావసర వస్తువుల చట్టము క్రింద 2005లో వెలువడిన ఉత్తర్వు అధికారులకు తనిఖీ చేసి నమూనాలు తీయు అధికారము నిచ్చినది. తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, పరీక్ష ఫలితము వరుసగా వ్రాసిన కాగితమును చేతబట్టినవాని ఫిర్యాదునకు బలముండును.

ఇట్టి కాగితమును తయారు చేయుట పాఠశాలలోనే నేర్పవచ్చును. ఉపాధ్యాయుని కారే ప్రయోగశాల కాగలదు. ఒక వారము టైర్లలో గాలి సరిచేసి కొలువవలెను. మరియొక వారము గాలిని అట్లే ఉంచి, వేగమును 80కి మించనీయక కొలువవలెను. మూడవ వారము తక్కినవన్నియు మార్చక బంకును మాత్రము మార్చి కొలువవలెను. ఒక్కమారు ఒక్కదానినే మార్చవలెనన్న శాస్త్రనియమము తరగతిలోని పిల్లలకు ఇంతకంటె తేటగా తెలియు తావు అరుదు. నాలుగు వారములు గడచిన పిమ్మట ఆ కుర్రవాడు దోషియో నిర్దోషియో ఆ పిల్లలే చెప్పగలరు.