నేలపట్టు చెరువున గూడబాతుల కాపురము

సూళ్ళూరుపేట ప్రాంతమున జాతీయ రహదారికి చేరువనున్న నేలపట్టు ఒక చిన్న గ్రామము. ఆ గ్రామపు చెరువును, దాని నంటియున్న పొదయడవిని కలిపి సుమారు 458 హెక్టార్ల మేర ప్రభుత్వము 1976లో పక్షుల సంరక్షణ కేంద్రముగా ప్రకటించినది. ఒక డిసెంబరు మాసమున మా అమ్మగారు, నా భార్య, తొమ్మిదేండ్ల మా అమ్మాయి, నేను అచ్చటికి పోయి ఒక దినము గడపి వచ్చితిమి. చూచిన విషయములు పంచాయతీ సభ్యులకు ఉపయోగపడునని తోచి వ్రాయుచున్నాను.

సూర్యోదయమునకు గట్టుమీదికి చేరితిమి. చెరువు నడుమ నీటిలోనే కడపచెట్లు నిలిచియున్నవి. దూరమునుండి చూచినపుడు వాని కొమ్మలపై తెల్లని బట్టలు ఆరవేసినట్లు తోచినది. అవి గూడబాతులు. వందల పక్షులు ఒక్కచోట గూళ్ళు కట్టుకొని యుండుటచే ఆ సందడి సంతను తలపించును.

పక్షులు ఈ చెరువునే ఏల ఎన్నుకొన్నవి? ఈశాన్య ఋతుపవనమువలన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఇచ్చట వర్షములు కురిసి చెరువు నిండును. చెట్ల మొదళ్ళు నీట మునిగియుండుటచే నక్కలు, పిల్లులు, కుక్కలు గూళ్ళను చేరజాలవు. ఆహారమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున పులికాటు సరస్సు గలదు. ఉప్పునీరు, మంచినీరు కలియు ఆ సరస్సులో చేపలకు కొదువ లేదు. ఇల్లొకచోట, అంగడి యొకచోట అన్నమాట. చెరువు నిండనియేడు ఈ ఏర్పాటు చెడిపోవును.

గూడబాతు సాధారణముగ మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. ఇంచుమించు నెల దినములకు పిల్లలు వెలువడును. అవి మూడు మొదలు ఐదు మాసముల వరకు గూటిని విడువవు. అంతకాలము తల్లిదండ్రులు రెండును సరస్సునుండి చేపలను తెచ్చి మేపవలసినదే. పిల్ల తన తలను తల్లి నోటిక్రింది సంచిలోనికి దూర్చి తినుచుండగా దుర్భిణిలో చూచి మా అమ్మాయి భయపడి, “నాన్నా, తల్లి బిడ్డను మ్రింగుచున్నది!” అని కేక వేసినది. ప్రక్కనున్న కాపలాదారు పెదవిపై వ్రేలుంచి, పిదప నవ్వుచు సంగతి వివరించినాడు.

నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణములు, నీటికాకులు, చింతవొక్కులు కూడ అచ్చటనే గూళ్ళు కట్టుకొన్నవి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినను నడుమ సందు మిగిలియుండును. వరిమళ్ళలోని నత్తలే దాని ముఖ్యాహారము. నాకు దాని పేరు కాపలాదారు చెప్పినగాని తెలియలేదు. మా అమ్మగారు మాత్రము దూరమునుండియే గుర్తుపట్టినది.

చెట్లక్రింది నీరు పచ్చగా, కొంచెము దుర్వాసనతో నున్నది. పక్షుల రెట్టలో నత్రజని, భాస్వరము ఉండును; ఆ నీరు పొలమునకు పారినచో ఎరువు పారినట్లే. పక్షులవలన రైతునకు కలుగు లాభములలో ఇది యొకటి. సమీపముననే యున్న వెదురుపట్టులో పక్షులు ఊరి నడుమ, ఇండ్లప్రక్క చెట్లమీదనే గూళ్ళు పెట్టును. రెట్ట వాకిట పడినను, వాసన వచ్చినను ఆ గ్రామస్థులు సహించి వానిని కాపాడుచున్నారు.

చింతవొక్కులను చూచుచు మా అమ్మగారు మెల్లగా, “మన చింతచెట్టు మీద నుండినవి ఇవే కదరా” అన్నది. “ఏ చింతచెట్టు, నాయనమ్మా?” అని అమ్మాయి అడిగినది. నేను జవాబు చెప్పవలసి వచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను మా గ్రామమున వార్డు సభ్యుడను. సిమెంటు రోడ్డు వేయుటకు పాత చింతచెట్టు అడ్డువచ్చుచున్నదని తీర్మానించి, వేలము వేసితిమి. ఆ తీర్మానముమీద నా సంతకము గలదు. రోడ్డు అవసరమే, ఇప్పటికిని కాదనను. కాని చెట్టును కొట్టినది శ్రావణ మాసము. కొమ్మల నిండ గూళ్ళున్నవి. రెక్కలు రాని పిల్లలు దుమ్ములో పడి అరచుచుండగా పిల్లకాయలు బుట్టలతో ఏరిరి. ఒకటియు బ్రతుకలేదు. మూడు మాసములు ఆగినచో గూళ్ళు ఖాళీ అయ్యెడివి. రోడ్డుకు వచ్చు నష్టమేమియు లేదు. ఆ సంగతి సభలో ఎవరికిని తోచలేదు, నాకును తోచలేదు.

తమిళనాడులోని వేడంతాంగల్ గ్రామస్థులకు మాత్రము ఇది రెండువందల ఏండ్లకు పూర్వమే తోచినది. సిపాయిలు తమ చెరువుపై పక్షులను కాల్చుచుండగా వారు చెంగల్పట్టు కలెక్టరుతో మొరపెట్టుకొని, 1798లో తమ హక్కును గుర్తించు కౌలు పత్రమును పొందిరి. శివగంగ జిల్లాలోని కొల్లుకుడిపట్టి వాసులు పక్షులు బెదరునని దీపావళినాడు టపాకాయలు కాల్చుట మానుకొన్నారు.

నేడు పంచాయతీలకు చట్టబలము కూడ గలదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచి, గ్రామములోని చెట్లను, జంతువులను, పక్షులను ఒక రిజిస్టరులో నమోదు చేయించవలెను. ఏ చెట్టుమీద ఏ మాసమున గూళ్ళుండునో అందు వ్రాయించినచో వేలము తేదీని నిర్ణయించునపుడు ఆ పుటను తెరచి చూడవచ్చును. చెరువు పూడిక పనులను వేసవిలోనే ముగించుట, నీటిలోని చెట్లను పూడికతోబాటు పెరికివేయకుండుట కూడ సభ్యుల చేతిలోని పనులే.

నేలపట్టు చూడగోరు కుటుంబములు నవంబరు మొదలు ఫిబ్రవరి లోపల పోవుట మేలు. తెల్లవారుజామున చేరవలెను. ముదురురంగు బట్టలు మంచివి. మా అమ్మాయి ఎర్ర పరికిణీపై నేను శాలువ కప్పవలసి వచ్చినది. దుర్భిణి ఒక్కటియున్న నలుగురికి చాలును, వంతులకై తగవు రానిచో. తినుబండారముల కాగితములను, ప్లాస్టిక్ సంచులను తిరిగి తీసికొని రావలెను. సాయంకాలము పులికాటు మీదుగా శ్రీహరికోట పోవు రోడ్డుపై కొంతసేపు నిలిచితిమి. లోతులేని నీటిలో ఫ్లెమింగోలు గులాబిరంగు గీతవలె కనిపించినవి. అమ్మాయి వానిని లెక్కింపబూని, మూడువందలు దాటిన పిమ్మట లెక్క తప్పి, మరల మొదటినుండి ఆరంభించినది.