ఏ ఆల్బమ్ గొప్పది? ముందు లెక్క సంగతి తేల్చుకుందాం

ఒక సంగీత దర్శకుడి పాటల్లో ఏ ఆల్బమ్ (ఒక సినిమా పాటలన్నీ కలిపి తెచ్చిన సంపుటి) గొప్పది అన్న వాదన మొదలైతే ఒక పట్టాన తెగదు. చివరికి ఎవరో ఒకరు "ఎవరి అభిరుచి వారిది" అని సర్దిచెబుతారు. ఆ మాట తప్పు కాదు. కానీ అందులో సగం సంగతే ఉంది. ఎవరికి ఏది ఇష్టమో కాగితం మీద రాసిపెట్టుకున్నా సరే, గెలిచింది ఏదో తేలకపోవచ్చు. ఎందుకు తేలదో రాజ్–కోటి పాటలను ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

రాజ్ అసలు పేరు తోటకూర సోమరాజు. 'జయసింహ', 'పాండురంగ మహత్యం' సినిమాలకు సంగీతం కూర్చిన టి.వి.రాజు కొడుకు. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు. 'మల్లీశ్వరి', 'మిస్సమ్మ'ల సాలూరి రాజేశ్వరరావు కొడుకు. ఇద్దరూ చక్రవర్తి దగ్గర సహాయకులుగా పనిచేశారు. 1983లో 'ప్రళయ గర్జన'తో జంటగా సంగీత దర్శకులయ్యారు. అయిదేళ్ల తర్వాత, 1988లో 'యముడికి మొగుడు' పాటలు ఊరూరా మోగాయి. అదే ఏడాది 'ఖైదీ నంబర్ 786', 'త్రినేత్రుడు' వచ్చాయి. 1993లో 'ముఠా మేస్త్రి', 1994లో 'గోవిందా గోవిందా', 'హలో బ్రదర్' వచ్చాయి. ఎ.ఆర్.రెహమాన్ కూడా తాను సంగీత దర్శకుడు కాకముందు వీరి పాటలకు కీబోర్డు వాయించారు. 'హలో బ్రదర్' వచ్చిన కొద్దికాలానికే జంట విడిపోయింది. 2023 మే 21న రాజ్ కన్నుమూశారు.

రాజ్–కోటి ఆల్బమ్‌లలో ఏది గొప్పదన్న వాదన ఇప్పుడు మళ్లీ ఎందుకు లేచింది? రెండు కారణాలు కనిపిస్తాయి. ఇద్దరూ మళ్లీ కలుస్తారన్న ఆశ ఇక లేదు. జంటగా వాళ్లు చేసిందంతా ముగిసిన పద్దు. ముగిసిన పద్దుకు లెక్క కట్టాలనిపించడం సహజం. రెండోది ఫోన్. ఒకప్పుడు దొరకని పాట ఇవాళ వేలికొస మీద ఉంది. పాతికేళ్ల కుర్రాడు కూడా 1988 నాటి పాటను 1994 నాటి పాట పక్కన పెట్టి వినగలడు.

రెండు గిటార్లు, రెండు పేర్లు

ఇలాంటి వాదన మనకు మాత్రమే ఉన్నది కాదు. రాక్ సంగీతంలో జంట గిటార్ల బృందాలని ఒక తరగతి ఉంది. మామూలుగా ఒక గిటార్ బాణీని పలికిస్తే రెండోది తాళం పట్టినట్టు వెనక నడుస్తుంది. జంట గిటార్ల పద్ధతిలో రెండూ ముందుకొస్తాయి. ఒకే బాణీని రెండు వేర్వేరు స్వరాల ఎత్తుల్లో కలిసి పలికిస్తాయి. సరిగమల్లో చెప్పాలంటే ఒకరు 'స' దగ్గర మొదలుపెడితే మరొకరు 'గ' దగ్గర మొదలుపెట్టి అదే నడక నడుస్తారు. దీన్ని హార్మొనీ (వేర్వేరు స్వరాలు ఒకేసారి పలికి పొసగడం) అంటారు. వింటే రెండు గొంతులు కలిసి పాడినట్టు ఉంటుంది.

ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో 1969లో పుట్టిన థిన్ లిజీ ఇందుకు పేరుపడ్డ బృందం. 1974లో స్కాట్ గోరమ్, బ్రయన్ రాబర్ట్‌సన్ అనే ఇద్దరు గిటారిస్టులు చేరాక దానికి ఆ ధ్వని వచ్చింది. దాని అభిమానుల్లో కొందరు 1976 నాటి 'జైల్‌బ్రేక్' గొప్పదంటారు. కొందరు 1978 నాటి 'లైవ్ అండ్ డేంజరస్' అంటారు. మరికొందరు గ్యారీ మూర్ గిటార్ పట్టిన 1979 నాటి 'బ్లాక్ రోజ్' వైపు నిలబడతారు. అంటే ఆల్బమ్ పేరుతో వాళ్లు ఏ జంట గొప్పదో కూడా వాదించుకుంటున్నారన్నమాట.

రాజ్–కోటి విషయంలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. జంట గిటార్లలో ఏది ఎవరి వాయింపో చెవి పట్టిస్తే కొంత తెలుస్తుంది. ఇక్కడ జంట ఉన్నది తెర మీద పేరులో. ఏ బాణీ ఎవరు కట్టారో, ఏ వాద్యం ఎక్కడ రావాలో ఎవరు చెప్పారో ఆ పేరు చెప్పదు. విడిపోయాక 1995లో రాజ్ 'సిసింద్రీ' చేశారు, కోటి 'పెదరాయుడు' చేశారు. ఈ రెండూ విని పాత పాటలను ఇద్దరికీ పంచేసేవాళ్లున్నారు. అది నమ్మదగ్గ పద్ధతి కాదు. సినిమా మారింది, దర్శకుడు మారాడు, సందర్భం మారింది. పైగా ఒకరు కట్టిన బాణీని మరొకరు విని "ఇక్కడ మార్చు" అన్న క్షణంలో పుట్టిన పాటను ఎవరి ఖాతాలో వేస్తాం?

చెవి కంటే ముందు వయసు

వాదించేవాళ్ల వయసు అడిగితే సగం సంగతి అర్థమవుతుంది. 1989లో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే అమెరికన్ పరిశోధకులు వేర్వేరు కాలాల పాటలు వినిపించి, వేర్వేరు వయసుల వాళ్లతో మార్కులు వేయించారు. సగటున చూస్తే, తమకు 23, 24 ఏళ్లున్నప్పుడు వచ్చిన పాటలకే జనం ఎక్కువ మార్కులు వేశారు. ఆ వయసులో కొత్త ఉద్యోగం, కొత్త స్నేహాలు, పెళ్లి మాటలు అన్నీ ఒక్కసారి మొదలవుతాయి. పాట వాటితో ముడిపడి గుర్తుండిపోతుంది.

దీన్ని మన బొగ్గుగనుల ప్రాంతానికి అన్వయించి చూడండి. 1988లో బదిలీ ఫిల్లర్ (పనికి రానివాళ్ల బదులు బొగ్గు నింపే కార్మికుడు)గా బొగ్గుబాయిలో చేరిన 23 ఏళ్ల మనిషికి 'యముడికి మొగుడు' మొదటి జీతం నాటి పాట. ఆ ఏడాది పదిహేడేళ్లున్న అతని తమ్ముడికి 23 వచ్చేసరికి 'హలో బ్రదర్' వచ్చింది. ఇద్దరూ ఒకే క్వార్టర్‌లో, ఒకే టేప్ రికార్డర్‌లో పాటలు విన్నా ఓటు మాత్రం రెండు చోట్ల పడుతుంది.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో చాలామంది విన్నది కంపెనీ అమ్మిన ఆల్బమ్ కాదు. కావాల్సిన పాటల పేర్లు చీటీ మీద రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు రికార్డింగ్ షాపులో ఇచ్చి ఎక్కించుకునేవారు. అరవై నిమిషాల క్యాసెట్‌కు ఒక్కో వైపు అరగంట. అంటే ఆరేడు పాటలు. నచ్చని పాట చీటీలోకే రాదు. అలా విన్నవాళ్ల మనసులో ఉన్న 'ముఠా మేస్త్రి' రెండు మూడు పాటలే కావచ్చు. మొత్తం ఆల్బమ్ కొన్నవాళ్ల మనసులో ఉన్నది వేరు. పేరు ఒకటే, విన్న సరుకు వేరు.

పక్కవాళ్ల చెవులు

మన ఇష్టం పూర్తిగా మనదేనా అన్నది తర్వాతి ప్రశ్న. మాథ్యూ సాల్గనిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఎవరికీ అంతగా తెలియని బృందాల పాటలు 48 తీసుకున్నారు. పద్నాలుగు వేలకు పైగా మంది విన్నారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగిలినవాళ్లను ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది తీసుకున్నారో చూపించారు.

ఎనిమిది గుంపుల్లోనూ ఒకే పాట నెగ్గలేదు. మరీ మంచి పాటలు అడుక్కి పోవడం, మరీ చెడ్డవి పైకి రావడం అరుదు. నడుమ ఉన్నవి మాత్రం ఒక గుంపులో పైకి, ఇంకో గుంపులో కిందికి పోయాయి. మొదట్లో ఎవరో కొద్దిమంది ఎంచుకున్నది తర్వాత వచ్చినవాళ్లను లాగింది. ఊళ్లలో జరిగేదీ ఇదే. ఒక ఊళ్లో పెళ్లి బ్యాండు వాళ్లు ఏ పాట పట్టుకుంటే ఆ ఊరికి అదే గొప్ప పాట అవుతుంది.

తొమ్మిది ఓట్లు, ముగ్గురు విజేతలు

వయసు, అలవాటు, పక్కవాళ్లు అన్నీ దాటుకుని ప్రతి మనిషి ఒక వరస చెప్పాడనుకుందాం. అయినా చిక్కు తీరదు. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో తొమ్మిది మంది ఓటేశారని ఊహించుకోండి.

నలుగురి వరస: యముడికి మొగుడు, ముఠా మేస్త్రి, హలో బ్రదర్.
ముగ్గురి వరస: హలో బ్రదర్, ముఠా మేస్త్రి, యముడికి మొగుడు.
ఇద్దరి వరస: ముఠా మేస్త్రి, హలో బ్రదర్, యముడికి మొగుడు.

మొదటి పద్ధతి మన అసెంబ్లీ ఎన్నికలది. ఎవరికి మొదటి ఓట్లు ఎక్కువ? 'యముడికి మొగుడు'కు 4, 'హలో బ్రదర్'కు 3, 'ముఠా మేస్త్రి'కి 2. 'యముడికి మొగుడు' గెలిచింది.

రెండో పద్ధతి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలది. అక్కడ ప్రాధాన్య క్రమంలో ఓటు వేస్తారు. అందరికంటే తక్కువ వచ్చినవాళ్లను తప్పించి, వాళ్ల రెండో ప్రాధాన్య ఓట్లను మిగిలినవాళ్లకు కలుపుతారు. 2025లో కరీంనగర్ పట్టభద్రుల స్థానం ఫలితం ఈ రెండో ప్రాధాన్య ఓట్లతోనే తేలింది. మన లెక్కలో 'ముఠా మేస్త్రి'ని తప్పిస్తే దాని రెండు ఓట్లు 'హలో బ్రదర్'కు వెళ్తాయి. 5–4తో 'హలో బ్రదర్' గెలిచింది.

మూడోది బోర్డా లెక్క (స్థానాన్ని బట్టి మార్కులు వేసే పద్ధతి). పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త బోర్డా పేరు దానికి పెట్టారు. మొదటి స్థానానికి 2, రెండో స్థానానికి 1, మూడో స్థానానికి సున్నా. 'ముఠా మేస్త్రి'కి 11, మిగిలిన రెంటికీ చెరి 8. 'ముఠా మేస్త్రి' గెలిచింది.

ఒక్కరూ మనసు మార్చుకోలేదు. ఒక్క ఓటూ అటు ఇటు కాలేదు. లెక్క మారిన ప్రతిసారీ విజేత మారాడు. మొదటి పద్ధతి గట్టి అభిమానులు ఎక్కువున్నవాణ్ని గెలిపిస్తుంది. మూడోది ఎవరూ కాదనని వాణ్ని గెలిపిస్తుంది. మూడు, అంతకంటే ఎక్కువ పేర్లున్నప్పుడు న్యాయమైనవని మనం అనుకునే నియమాలన్నిటినీ ఒకేసారి నిలబెట్టే వరస పద్ధతి ఉండదని కెన్నెత్ ఆరో 1951లో గణితంతో నిరూపించారు. ఆయనకు 1972లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

సింగరేణి బొగ్గుగనుల కార్మికులకు ఈ పాఠం కొత్త కాదు. 2023 డిసెంబర్ 27న జరిగిన గుర్తింపు సంఘం (కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘం) ఎన్నికల్లో మొత్తం ఓట్లు ఎక్కువ వచ్చిన ఏఐటీయూసీ గుర్తింపు సంఘమైంది. 11 ఏరియాల్లో ఆరు గెలిచింది మాత్రం ఐఎన్‌టీయూసీ. ఓట్లు అవే. కంపెనీ మొత్తానికి ఒక లెక్క, ఏరియాకు ఒక లెక్క. ఏ లెక్క దేనికో ముందే రాసి ఉంది.

అయితే ఏం చేయాలి?

వాదనకు ముందు మూడు సంగతులు ఒప్పుకుంటే చాలు. ఒకటి, ఆల్బమ్ అంటే అన్ని పాటలా, బాగా మోగిన రెండు పాటలా? రెండు, గొప్ప అంటే ఎక్కువమంది నెత్తిన పెట్టుకున్నదా, ఎవరూ పక్కన పెట్టనిదా? మూడు, మెచ్చుకుంటున్నది సంగీత దర్శకులనా, సినిమానా? వేటూరి మాట, బాలు గొంతు, చిరంజీవి అడుగు కలిసిన పాటకు మార్కులన్నీ రాజ్–కోటి ఖాతాలో పడిపోవడం మామూలే.

జాబితాల వల్ల ఒక నష్టం కూడా ఉంది. పైన ఉన్నవాటినే జనం వింటారు, విన్నకొద్దీ అవి పైనే ఉంటాయి. 'పెద్దరికం', 'బావా బావమరిది' లాంటివి మొదటి మూడింటిలో లేకపోతే చర్చలోకే రావు. అందుకే ఓటు వేసేముందు ఇంతవరకు వినని ఆల్బమ్ తలా ఒకటి పూర్తిగా వినాలన్న షరతు పెట్టుకోవడం మంచిది.

పద్ధతి ముందే ఒప్పుకుంటే ఓడినవాడు లెక్కను తప్పుపట్టలేడు. "నా ఆల్బమ్ ఎందుకు గొప్ప" అని చెప్పాలంటే పల్లవి ఎత్తుగడ గురించి, చరణాల మధ్య వాద్యాల గురించి, తాళం గురించి మాట్లాడక తప్పదు. వాదన తెగకపోయినా, అప్పుడు జరిగేది పాట గురించిన వాదన.