అడిగితే తప్పు కాదు

పదమూడేళ్ల పిల్ల ప్రాణం తీసుకుంటే ఊళ్లో మొదట వినిపించే మాట, "ఇంత చిన్నదానికేనా?" అమ్మ కోప్పడింది, ఫోన్ లాక్కున్నారు, లెక్కల్లో మార్కులు తగ్గాయి. చివరి రోజున జరిగినదే కారణమని అందరూ నమ్మేస్తారు. అంతకు ముందు నెలల తరబడి ఆ మనసులో పేరుకున్నదాన్ని ఎవరూ చూడరు.

తమిళనాడులో ఈ విషయాన్ని శ్రద్ధగా లెక్కగట్టిన చోటు వేలూరు దగ్గరి కనియంబాడి. 1992 నుంచి 2001 వరకు అక్కడి పల్లెల్లో 10–19 ఏళ్ల వారి మరణాలను క్రైస్తవ వైద్య కళాశాల పరిశీలించింది. ఏటా లక్ష మంది అమ్మాయిల్లో 148 మంది, అబ్బాయిల్లో 58 మంది ఆత్మహత్యతో చనిపోయారని 2004లో వెల్లడైంది. పాశ్చాత్య దేశాల్లో ఇలా చనిపోయేవారిలో అబ్బాయిలే ఎక్కువ. ఇక్కడ లెక్క తిరగబడింది. ఇంట్లో గొడవలు, హింస, చదువులో ఓటమి, నెరవేరని ప్రేమ, మానసిక జబ్బు కారణాలుగా కనిపించాయి.

ధర్మపురి జిల్లా పాపిరెడ్డిపట్టి కూడా అలాంటి వ్యవసాయ ప్రాంతమే. ఈ జిల్లా నుంచి పనుల కోసం తిరుప్పూరు, బెంగళూరు వెళ్లే తల్లిదండ్రులు ఎందరో. వాళ్ల పిల్లల్లో కొందరు అవ్వాతాతల దగ్గర ఉండి బడికి వెళ్తారు. అవ్వ అన్నం పెడుతుంది, ప్రేమగానే చూస్తుంది. తరగతిలో తోటివాళ్లు రోజూ ఏడిపిస్తున్నారన్న సంగతి మాత్రం ఆమె దాకా రాకపోవచ్చు.

ఆ ఏడిపించడం చిన్న విషయం కాదు. 48 దేశాల్లో 12–15 ఏళ్ల పిల్లలు 1,34,000 మందికి పైగా ఇచ్చిన జవాబులను 2019లో విశ్లేషించారు. వేధింపులకు గురైన పిల్లల్లో ఆత్మహత్యాయత్నం అవకాశాలు దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. పైగా ఆవేశానికి కళ్లెం వేసే మెదడు భాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదు. చచ్చిపోవాలనిపించే తీవ్రమైన ఘడియ చాలామందిలో కాసేపటికి తగ్గిపోతుంది. అందుకే పొలం మందులను ఇంట్లో పిల్లల చేతికి అందకుండా తాళం వేసి ఉంచడం ప్రాణాలు నిలిపే పని.

"చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాయనా?" అని అడగడానికి పెద్దలు భయపడతారు, లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేలకు పైగా విద్యార్థులతో జరిపిన పరీక్షలో ఆ భయానికి ఆధారం దొరకలేదు; అప్పటికే కుంగిపోయి ఉన్నవారికి ఆ ప్రశ్న కొంత ఊరటనిచ్చినట్టు కూడా కనిపించింది. నిద్ర పట్టకపోవడం, స్నేహితులకు దూరం కావడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకు హాయి" అనడం కనిపిస్తే ఆ ప్రశ్న వెంటనే అడగాలి. అడిగాక తిట్టకుండా, అడ్డురాకుండా వినాలి.

బడి చేయగలిగింది కూడా చాలా ఉంది. పది ఐరోపా దేశాల్లో 168 బడుల్లో జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. ఒత్తిడి, కుంగుబాటు గురించి పిల్లలే మాట్లాడుకుని, సన్నివేశాలు నటించే తరగతులు నడిపితే, ఏడాది తర్వాత కొత్త ఆత్మహత్యాయత్నాలు సగానికి పైగా తగ్గాయి. బీహార్‌లోని నలందా జిల్లా ప్రభుత్వ బడుల్లో వేధింపులు, కుంగుబాటు తగ్గించడానికి ఒక కార్యక్రమం నడిపారు. శిక్షణ పొందిన స్థానిక సలహాదారులు నడిపిన చోట ఫలితం బాగా కనిపించింది. అదే పని ఉపాధ్యాయులకు అప్పగించిన చోట కనిపించలేదు. పాఠాలు, పరీక్షల బరువు మోసే టీచరుకు ఇంకో బాధ్యత తగిలించి ఊరుకోకూడదు. పాపిరెడ్డిపట్టి లాంటి ప్రతి తాలూకా బడికీ ఇందుకోసమే ఒక మనిషి కావాలి.

అప్పటిదాకా 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ సలహాదారులు పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడతారు. పిల్లలు నేరుగా పిల్లల సహాయవాణి 1098కీ చేయవచ్చు.